నా బిడ్డ మాట నాకంటే ముందు విన్న పిల్ల

ఈ పత్రిక చదివే సహోదరులారా, సహోదరీలారా, రేపల్లెలో ఇంటి వరండాలో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టుకునే ఒక తల్లి మీకందరికీ ప్రభువు పేరట వందనాలు చెబుతోంది. సాక్ష్యం అంటే జబ్బు నయమైన సంగతో, తాగుడు మానిన సంగతో రాస్తారు కదా, నాది ఆ రెండూ కాదు, నన్ను పట్టిన రోగం ఈర్ష్య! నలభై దాటినదాన్ని, స్త్రీల సమాజంలో ముందు వరసలో కూర్చునేదాన్ని, ఎదురుగా ఎన్నడూ చూడని ఒక చదువుకునే పిల్ల మీద కడుపుమంటతో రగిలిపోయాను. ఆ మంటలో పడి కన్నబిడ్డను పోగొట్టుకోబోయాను. దేవుడు దాన్ని ఎలా తిప్పాడో చెబుతాను వినండి.

మాకు ఒక్కతే అమ్మాయి. ఇంట్లో బుజ్జి అంటాం, ఇక్కడా ఆ పేరే రాస్తాను. మా వారు పక్కనే ఉన్న నగరం అనే ఊళ్ళో బడిపంతులు. బుజ్జి డిగ్రీ చదువుకు పొద్దున రైల్లో తెనాలి వెళ్ళి సాయంత్రం రైల్లో వచ్చేది. చిన్నప్పటి నుంచి అది నాకు చెప్పని మాటంటూ లేదు. బడి నుంచి రాగానే సంచి ఒక మూల పడేసి, నేను మిషను తొక్కుతుంటే పక్కన చేరి జాకెట్లకు చేతికుట్టు వేస్తూ వాగుతూనే ఉండేది, ఏ టీచరు ఏ చీర కట్టిందో, ఎవరికి ఎవరితో పోట్లాట అయిందో, ఎవరు ఎవరి టిఫిన్ తినేశారో అన్నీ. నేను విసుక్కునేదాన్ని కూడా, కాసేపు నోరు మూసుకోవే తల్లీ, కుట్టు వంకర పోతోంది అనేదాన్ని. అలాంటి పిల్ల ఆ క్రిస్మస్ అయ్యాక నిజంగానే నోరు మూసేసుకుంది!

తిండి తగ్గిపోయింది. నేను కట్టిచ్చిన బాక్సు సగం అలాగే తిరిగి వచ్చేది. కరోనా పోయి ఇన్నేళ్ళయినా ముఖానికి మాస్కు వేసుకుని రైలెక్కేది, ఎందుకే అంటే దుమ్ము అనేది. ఊహ తెలిసినప్పటి నుంచి పాడుతున్న క్వయర్ మానేసింది, గొంతు బాగాలేదంది. ఒకసారి అద్దం ముందు నిలబడి ఏడుస్తుంటే చూశాను, అడిగితే కంట్లో నలక పడిందంది. చేతిలో మాత్రం ఎప్పుడూ ఫోనే! అన్నం దగ్గర ఫోను, మంచం మీద ఫోను, ప్రార్థనకు మోకరిస్తే చున్నీ కింద ఫోను. మా ఇంట్లో అన్నానికి ముందు ఒక్కొక్కరూ ఒక వాక్యం చెప్పాలి, అది మా మామగారి కాలం నుంచి వస్తున్న అలవాటు. ప్రభువు ఏడ్చాడని చెప్పే రెండు మూడు మాటల వాక్యం ఒకటుంది, చిన్నపిల్లలు తప్పించుకోవడానికి చెప్పేది, బుజ్జి ప్రతిరోజూ అదే చెప్పేది. ఇంత వయసొచ్చి ఇంకా సండే స్కూలు పిల్లల వాక్యమేనా, సిగ్గు లేదూ అని కసిరేదాన్ని. అది బద్ధకం కాదనీ, ఆ పిల్లకు ఆ ఒక్క వాక్యమే నోటికి వస్తోందనీ నాకు తోచలేదు.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం గదిలోంచి దాని నవ్వు వినపడింది. నెలల తరబడి నేను వినని నవ్వు! ప్రాణం లేచొచ్చి, కత్తెర పక్కన పెట్టి తలుపు దగ్గరకు వెళ్ళాను. ఫోనులో ఎవరో అమ్మాయి రికార్డు చేసి పంపిన మాటలు, ఏదో తమాషా చెబుతోంది. అది అయిపోయాక మా బుజ్జి ఫోను నోటి దగ్గర పెట్టుకుని, "అక్కా, నువ్వు లేకపోతే నేనేమైపోయేదాన్నో. నీకు తప్ప నేనెవరికీ చెప్పుకోలేను" అంది.

సహోదరీలారా, చెంప మీద కొట్టినట్టయింది! నీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేదట! తలుపుకు ఇవతల కన్నతల్లి నిలబడి ఉంది. మాకున్నది ఒక్క పిల్ల, ఈ అక్క ఎక్కడి నుంచి ఊడిపడింది?

అది స్నానానికి వెళ్ళినప్పుడు ఫోను తీసి చూశాను. హారిక అని పేరు, బాపట్లలో చదువుతోంది, చీరాల దగ్గర మగ్గాల వాళ్ళ పిల్ల. ఎవరిదో చేతికుట్టు పువ్వుల వీడియో కింద ఇద్దరూ ఏదో రాసుకుని, అక్కడ మొదలైందట స్నేహం. అది ఇంకా మండింది నాకు, దానికి సూది పట్టుకోవడం నేర్పింది నేను కదా! ఫోటో పెద్దది చేసి చూశాను. ఒక్క జడ, నుదుట చిన్న బొట్టు, వెనక మగ్గం. చూడ్డానికి మామూలు పిల్ల. ఆ ఫోటోతోనే అన్నాను, ఏముందే నీ దగ్గర, నా దగ్గర లేనిది అని. ఈలోగా లోపల నీళ్ళ చప్పుడు ఆగింది, ఫోను ఎక్కడిదక్కడ పెట్టేశాను.

ఆ రోజు నుంచి నాకు శాంతి లేదు. ఆ ఫోను టింగుమంటే చాలు ఒళ్ళు మండిపోయేది. మిషను తొక్కుతూ ఆ పిల్లతో మనసులో పోట్లాడేదాన్ని, మోసింది నేను, కన్నది నేను, టైఫాయిడ్ వస్తే ఆసుపత్రి బల్ల మీద కూర్చుని తడిగుడ్డ వేసింది నేను, వేలు కూడా కదపకుండా నా పిల్ల మనసు ఎత్తుకుపోవడానికి నువ్వెవరివి అని. చంకల దగ్గర కొలత తప్పి జాకెట్లు వెనక్కి వచ్చేవి. ప్రభువును ఎరుగని ఇంటి పిల్ల అన్నది నాకు మంచి సాకు దొరికింది. ఉన్నమాట చెబుతున్నాను, అది క్రైస్తవ పిల్ల అయినా, మా సంఘం పాస్టరు అయ్యగారి సొంత కూతురే అయినా నేను అంతే కుళ్ళుకునేదాన్ని. అప్పట్లో నా ప్రార్థన ఇలా ఉండేది: "ప్రభువా, ఆ పిల్లను నా బిడ్డ దారిలోంచి తీసెయ్యి. దాని ఫోను పగిలిపోనీ, దాని నంబరు పోనీ, ఏదో ఒకటి చెయ్యి తండ్రీ!" మోకాళ్ళ మీద ఉండి అడిగాను, ఉపవాసం ఉండి కూడా అడిగాను. ఒకరి ఫోను పగలాలని ఉపవాసం ఉన్నది ఈ జిల్లాలో నేనొక్కదాన్నే అయ్యుంటాను!

ఈస్టరుకు ముందు శ్రమదినాలు వచ్చాయి, మా సంఘంలో ఇంటింటి కూడికలు మొదలయ్యాయి. మా స్త్రీల సమాజానికి ఫోనులో ఒక గ్రూపు ఉంది, ప్రార్థన మనవులు అందులో పెడతాం. ఎవరికి జ్వరం వచ్చినా, ఎవరి కోడలు అలిగి వెళ్ళినా, ఎవరి అబ్బాయి పరీక్ష తప్పినా పేరు పెట్టి రాస్తాం, పేరు చెబితేనే ప్రార్థన గురిగా తగులుతుందని మా అభిప్రాయం. నేనూ రాశాను. పిల్ల అసలు పేరు, చదివే కాలేజీ అన్నీ వేసి, సెల్‌ఫోను బంధకాల్లో ఉంది, తిండి తినడం లేదు, క్వయర్‌కు రావడం లేదు, మనసు సరిగా లేదు, బాపట్లలో ఒక అన్యురాలి స్నేహంలో పడి కన్నతల్లిని లెక్క చేయడం లేదు, విడుదల కోసం ప్రార్థించండి అని రాశాను. వెంటనే చేతులు జోడించిన బొమ్మలు, ఆమెన్లు వరసగా పడ్డాయి. ఎవరు చూశారు, ఎవరు ఇంకా చూడలేదు అని నేను మాటిమాటికీ ఫోను తీసి చూసుకున్నాను, పిల్లను ఏ పనికి తిడుతున్నానో సరిగ్గా ఆ పనే! ఎంత తృప్తిగా ఉందో చెప్పలేను. ఇంతమంది నా పక్షాన ఉన్నారు, ఇక ఆ హారిక పని అయిపోయిందనుకున్నాను.

ఆ మనవిని మంచి మనసుతోనే ఎవరో తెనాలి వాళ్ళకు పంపారు, వాళ్ళు ఇంకొకరికి పంపారు, అది యవ్వనస్థుల గ్రూపుల్లోకీ వెళ్ళింది. ప్రార్థన ఎంత దూరం పోతే అంత మేలని మేమందరం అనుకుంటాం, అందుకని ఎవరినీ తప్పు పట్టను.

ఆ వారంలోనే ఒక సాయంత్రం. రైలు కూత వినపడగానే ఎప్పటిలాగే టీ పెట్టాను, పిల్ల రాలేదు. ఫోను చేస్తే స్విచ్చాఫ్. అదే కాలేజీలో బుజ్జితో కలిసి చదివే పక్కింటి అమ్మాయి రైలు దిగి వస్తూ మా గేటు దగ్గర ఆగింది, లోపలికి మాత్రం రాలేదు.

"ఆంటీ, బుజ్జి మధ్యాహ్నమే క్లాసులోంచి వెళ్ళిపోయిందండి. మీరు పెట్టిన ప్రార్థన మెసేజి ఎవరో మా క్లాసు గ్రూపులో పెట్టారు. అందరూ నవ్వారండి."

"ప్రార్థనకు నవ్వడం ఏంటమ్మా?"

"ముందు నుంచీ నవ్వుతూనే ఉన్నారండి. క్రిస్మస్ రోజు క్వయర్ వీడియో ఉంది కదా, అందులో బుజ్జి పాడుతూ నోరు తెరిచిన చోట ముఖం వరకు కత్తిరించి స్టిక్కర్ చేశారు. ఎవరేం మాట్లాడినా దాని కింద ఆ స్టిక్కర్ పెడతారు. మీకు చెప్పలేదా?"

నాకు చెప్పలేదు! ఆ వీడియోను నేను నా స్టేటస్‌లో పెట్టుకుని, మా అమ్మాయి, మా అమ్మాయి అని మురిసిపోయినదాన్ని. ఆ పాట పాడిన ముఖాన్ని చూసుకోలేక నా బిడ్డ మాస్కు వేసుకుని రైలెక్కిందన్నమాట. ఆ బొమ్మ ఈరోజు ఎవరు పెట్టారో, ఎంతమంది నవ్వారో చూసుకోవడానికి పగలూ రాత్రీ ఆ ఫోనును పట్టుకుని వేలాడిందన్నమాట. మా వారు బండి తీసి స్టేషనుకు వెళ్ళారు. నేను మిషను మీద తల పెట్టి, "ప్రభువా, నా బిడ్డ! ప్రభువా, నా బిడ్డ!" అన్నాను, అంతకుమించి ఒక్క మాట రాలేదు. కూడికల్లో గంటసేపు ఆపకుండా ప్రార్థించేదాన్ని, ఆ రోజు నాకు మాట కరువైంది.

అప్పుడు తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది.

"ఆంటీ, భయపడకండి. నేను హారికనండి, బాపట్ల నుంచి. బుజ్జి నా దగ్గరే ఉందండి. మీరు వచ్చి తీసుకెళ్ళండి. కాకపోతే దాన్ని ఏమీ అనకండి ఆంటీ."

ఆ క్షణంలో నాకు ముందు ఏం తోచిందో రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తాను. నా బిడ్డ బతికి ఉందన్న సంతోషం రెండోది. మొదటిది, అమ్మ దగ్గరకు రాకుండా దాని దగ్గరకు వెళ్ళిందా అన్న మంట! అంత పని జరిగినా నాలో ఆ ఈర్ష్య చావలేదు సహోదరులారా, మనిషి గుండె ఎంత పాడుదో చూడండి!

మా వారిని ఫోను చేసి వెనక్కి పిలిచాను, చెరుకుపల్లి మీదుగా బండి మీద బయలుదేరాం. దారి పొడుగునా నేను వెనక కూర్చుని ఆ హారికను ఏమేం అనాలో కూర్చుకుంటున్నాను. మేం వెళ్ళేసరికి దీపాలు పెట్టే వేళయింది. చిన్న అద్దె గది, ఒక మంచం, కిటికీకి ఆరేసిన బట్టలు. మా బుజ్జి మంచం మీద ముడుచుకుని కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచి ఆ పిల్ల వెనక్కి వెళ్ళి నిలబడింది, నన్ను చూసి భయపడి! రెక్క పట్టుకుని ఇవతలకు లాగాలనిపించింది.

"కన్నతల్లికి చెప్పుకోలేనిది ఊళ్ళో వాళ్ళకు చెప్పుకుంటావా?" అన్నాను.

"ఇప్పుడా అది?" అన్నారు మా వారు.

హారికే మాట్లాడింది. బుజ్జి తెనాలి స్టేషనులో బల్ల మీద కూర్చుండిపోయిందట, రేపల్లె రైలు ఎక్కలేక. ఇంటికి వెళ్ళాలని లేదక్కా, బతకాలనీ లేదని ఒక్క మాట పంపిందట. ఆ పిల్ల క్లాసులోంచి లేచి వచ్చి వెంటనే ఫోను చేసి, బతిమాలి బాపట్ల వైపు వచ్చే రైలెక్కించి, నిడుబ్రోలు వచ్చిందా, కిటికీలోంచి ఏం కనపడుతోంది, పక్కన ఎవరు కూర్చున్నారు అని అడుగుతూ ఫోను పెట్టెయ్యకుండా మాట్లాడుతూనే ప్లాట్‌ఫాం మీదకు వచ్చి నిలబడిందట. రైలు దిగేసరికి బుజ్జి ఫోనులో ఛార్జింగు అయిపోయిందట, నా నంబరు అడిగితే చాలాసేపు చెప్పలేదట.

"నేను రోజూ పోరుతూనే ఉన్నాను ఆంటీ, మీ అమ్మకు చెప్పు, మీ అమ్మకు చెప్పు అని. చెప్తే అమ్మ అందరి చేతా ప్రార్థన చేయిస్తుందక్కా, అందరికీ తెలిసిపోతుంది అంటుందండి."

 నేను కూర్చుకొచ్చిన మాటలన్నీ ఎక్కడికి పోయాయో! బుజ్జి వైపు చూశాను, నిజమేనా అన్నట్టు.

"టెన్త్‌లో లెక్కలు తప్పినప్పుడు పెట్టావు," అంది అది నేల చూపులు చూస్తూ. "ఒంటి మీద తెల్ల మచ్చలు వచ్చినప్పుడు పెట్టావు. ఆ ఆదివారం చర్చిలో అందరూ నా చేతులు పట్టుకుని తిప్పి తిప్పి చూశారమ్మా. నువ్వు పక్కనే ఉన్నావు."

అవును, పక్కనే ఉన్నాను. ఎంత ప్రేమ మా సంఘానికి అనుకుని మురిసిపోయాను కూడా. నా బిడ్డ చెప్పుకున్న ప్రతి మాటా తీసుకెళ్ళి పదిమందిలో పెట్టాను, అది ప్రేమే అనుకున్నాను, బుజ్జి మాత్రం నాకు చెప్పడం ఒక్కొక్కటిగా మానుకుంటూ వచ్చింది. ఆ హారిక దాన్ని ఎత్తుకుపోలేదు. చెప్పిన మాట ఎక్కడికీ పోని చోటు వెతుక్కుని అదే వెళ్ళింది.

అక్కడే, ఆ గదిలోనే మోకరించాను. పెదవి కదపలేదు. నా జన్మలో ఎవరికీ వినపడకుండా చేసిన మొదటి ప్రార్థన అది: "తండ్రీ, ఈ పిల్లను తీసెయ్యమని నిన్ను ఉపవాసం ఉండి అడిగాను. దాని ఫోను పగలగొట్టమన్నాను. నువ్వు వినలేదు. విని ఉంటే ఇవాళ నా బిడ్డ మాట ఎవరు అందుకునేవాళ్ళు? నా ప్రార్థన కాదన్నందుకు నీకు స్తోత్రం, స్తోత్రం తండ్రీ!" దేవునికే మహిమ! అడిగింది ఇచ్చాడని అందరూ సాక్ష్యం చెబుతారు, అడిగింది ఇవ్వనందుకు నేను చెబుతున్నాను!

లేచేసరికి ఆ పిల్ల ప్లేట్లో ఉప్మా పెట్టుకుని నా ముందు నిలబడి ఉంది, "మీరు మధ్యాహ్నం నుంచి ఏమీ తిని ఉండరు ఆంటీ" అంటోంది. తిన్నాను. ఏడుస్తూనే తిన్నాను.

తర్వాత సంగతి ఒక్క రోజులో జరిగింది కాదు. గ్రూపులో నా మనవి తీసేసి, తప్పయిందని రాశాను, కొందరు ముఖం ముడుచుకున్నారు. అయ్యగారి భార్యను మేమంతా అమ్మగారు అంటాం, ఆమె మా ఇంటికి వచ్చి, దీన్ని దయ్యమూ బంధకమూ అనకమ్మా, డాక్టరుకు చూపించు, ప్రార్థనా మానొద్దు, మందూ మానొద్దు అన్నారు. తెనాలిలో మనసు జబ్బులు చూసే డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్ళాం. డిప్రెషన్ అంది. పిల్లతో విడిగా మాట్లాడాలి, మీరు బయట కూర్చోండమ్మా అని తలుపు వేసింది. మళ్ళీ తలుపు, మళ్ళీ నేను ఇవతల! ఈసారి ఆ డాక్టరమ్మ మీద వచ్చింది ఈర్ష్య! లోపల ఏం చెప్పుకుంటోందో అని కుర్చీలో అటూ ఇటూ కదిలాను, "ప్రభువా, నన్ను ఈ కుర్చీలో కూర్చోబెట్టు" అని ప్రార్థించాను, కూర్చోబెట్టాడు. బుజ్జి బయటికి వచ్చాక ఏమందని అడగలేదు. రేపల్లె వచ్చేదాకా రైల్లో పల్లీలు కొనుక్కుని తింటూ కూర్చున్నాం.

మా వారు కాలేజీకి వెళ్ళి మాట్లాడారు. ఆ స్టిక్కర్ చేసిన పిల్లల్ని పిలిపించారు, ఒకడు ఏడ్చాడట కూడా. అది ఎవరి ఫోన్లలో ఇంకా ఉందో దేవుడికి తెలుసు. మందులు వాడుతోంది, హారికతో మాట్లాడుతోంది, తిండి మెల్లగా తినసాగింది. ఫోను పూర్తిగా లాక్కోలేదు, డాక్టరమ్మ వద్దంది, ఆ క్లాసు గ్రూపులోంచి మాత్రం అదే బయటికి వచ్చింది. ఒకరోజు మాస్కు ఇంట్లో మర్చిపోయి రైలెక్కేసింది, మర్చిపోయినందుకే నాకు సంతోషం! క్వయర్‌కు ఇంకా వెళ్ళడం లేదు. అన్నీ ఒకేసారి రావాలని నేను అడగడం లేదు.

హారిక ఈ మధ్య మా ఇంటికి వచ్చింది. అడవులదీవి నుంచి వచ్చిన చేపలు వేయిస్తూ నేను వంటింట్లో ఉన్నాను, వాళ్ళిద్దరూ వరండాలో సూదులు పట్టుకుని నవ్వుకుంటున్నారు. ఇంతా జరిగాక కూడా చిన్నగా ఒక పోటు, నాతో అంతగా ఎందుకు నవ్వదు అని! ఇది నాలో పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను. వచ్చినప్పుడల్లా అక్కడికక్కడే ప్రభువుకు చెప్పేస్తున్నాను, ఆ పిల్లకు మాత్రం పెద్ద ముక్క వేశాను.

ఈ సాక్ష్యం రాయడానికి ముందు బుజ్జిని అడిగాను, రాశాక చదివి వినిపించాను. కొన్ని మాటలు తీసెయ్యమంది, తీసేశాను. తల్లులారా, మీ ఇంట్లోనూ తలుపు వేసుకుని ఫోను పట్టుకున్న బిడ్డ ఉందేమో, ఆ బిడ్డ నవ్వు ఇంకెవరికో వినపడుతోందని మీ కడుపు మండుతోందేమో! ఆ మంటతో మీ బిడ్డ మీదకు వెళ్ళకండి, ముందు ప్రభువు దగ్గరకు వెళ్ళండి. వైద్యం కావాలంటే సిగ్గుపడకండి, దాన్నీ ఆయనే వాడుకుంటాడు. ఆయన్ని నమ్మండి, తలుపు వేసుకుని నెమ్మదిగా చెప్పుకున్నా ఆయన వింటాడు, నన్ను విడిపించినవాడు మిమ్మల్ని వదలడు!

మొన్న వాన వచ్చేలా ఉంటే డాబా మీద బట్టలు తీస్తున్నాను. బుజ్జి మెట్లెక్కి వచ్చి, దుప్పటి రెండో కొస పట్టుకుని మడత పెడుతూ, "అమ్మా, నీకొకటి చెప్పనా? అక్కకు కూడా ఇంకా చెప్పలేదు" అంది. చెప్పింది. చినుకులు మొదలైనా మేం కిందకు దిగలేదు. అది ఏంటని మీరెవరూ నన్ను అడగకండి. మోకరించి ప్రభువు ఒక్కడికే చెప్పాను, ఆయన దాన్ని ఎవరికీ ఫార్వర్డ్ చెయ్యడు.